ఒకే కుర్చీ, ఐదు రంగులు: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మొత్తానికి మొదలుపెట్టాను. చూడ్డానికి చిన్న పనే: ఒకే బొమ్మ ఐదుసార్లు వెయ్యాలి, ఒక్కోసారి ఒక్క రంగుతో. కిటికీ పక్కన చెక్క కుర్చీ, దాని వీపుకి తగిలించిన చొక్కా, నేల మీద పడ్డ నీడ, అంతే. బూడిద, నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఒక్కో బొమ్మకి ఆ రంగు అక్రిలిక్ ట్యూబు, తెలుపు, నలుపు, ఇంకేదీ ముట్టుకోకూడదని రూలు పెట్టుకున్నాను.

ఎందుకీ తిప్పలంటే, ఆమధ్య ఒక పోస్టరు పని వచ్చింది. "మొత్తం పసుపులోనే చెయ్యండి, క్లాస్‌గా ఉంటుంది" అన్నారు. చేశాను. చప్పగా వచ్చింది, వాళ్లకీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు, ఎందుకు చప్పబడిందో మాత్రం ఇద్దరిలో ఎవరికీ అర్థం కాలేదు. నీలమంటే దిగులు, ఎరుపంటే కోపం, పసుపంటే సంతోషం అని పట్టికలు వేసి మరీ రాస్తుంటారు కదా, ఆ పట్టిక ప్రకారం నా పోస్టరు గంతులెయ్యాలి. అందుకే ఒకసారి చేత్తో వేసి చూసుకుందామని.

ఇవాళ గీతల పని మాత్రమే అయింది. ట్రేసింగ్ పేపర్ మీద ఒకసారి గీసి, ఐదు ఏత్రీ సైజు మందపాటి కాగితాల మీదికి దించాను. గీతలు ఐదింటిలోనూ ఒకేలా లేకపోతే, రేపు తేడా రంగు వల్ల వచ్చిందో నా చెయ్యి వణకడం వల్ల వచ్చిందో తేల్చలేను.

2వ రోజు

ముందు బూడిద. మిగతా నాలుగింటికీ ఇదే మ్యాపు. ఎక్కడ ఎంత ముదురు, ఎక్కడ ఎంత లేత అన్నది ఇందులో తేల్చేసుకుంటే తర్వాత రంగు మార్చుకుంటూ పోవడమే అనుకున్నాను (ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వుకోవచ్చు). నలుపు నుంచి తెలుపు దాకా తొమ్మిది మెట్లు కలిపి, మూతలున్న చిన్న డబ్బాల్లో పోసి నంబర్లు వేశాను. 1 నలుపు, 9 తెలుపు. కిటికీ 9, చొక్కాకి వెలుగు తగిలే వైపు 8, మడతలు 6, కుర్చీ కాళ్లు 3, కుర్చీ కింద నీడ 2.

సాయంత్రానికి ఆరింది. చూస్తే మడతలు 6 కాదు, 5కి దిగిపోయాయి. కాళ్లకీ నీడకీ తేడా లేదు, కుర్చీ మసిగుడ్డలో కూర్చున్నట్టుంది. అక్రిలిక్‌తో ఉన్న గొడవే ఇది. తడిగా ఉన్నప్పుడు అందులోని బైండరు (రంగు పొడిని పట్టి ఉంచే జిగురు) పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక పారదర్శకం అవుతుంది, దాంతో రంగు ఒక మెట్టు ముదురుతుంది. తెల్లటి మెట్ల దగ్గర తేడా పెద్దగా తెలియదు, మధ్యవాటిలో, ముదురువాటిలో బాగా తెలుస్తుంది. తెలియక కాదు, తెలిసీ బద్ధకించాను.

3వ రోజు

బూడిద మళ్లీ వేశాను. ఈసారి ప్రతి మిశ్రమాన్నీ ముందు ఒక కాగితం ముక్క మీద రాసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, తొమ్మిది బూడిద మెట్లూ వరసగా రాసుకున్న పట్టీ పక్కన పెట్టి కళ్లు చికిలించి చూశాను. రెండిటి మధ్య గీత మాయమైతే మెట్టు కుదిరినట్టు. విసుగే కానీ వేరే దారి లేదు.

బొమ్మ బాగానే వచ్చింది కానీ కుర్చీ చెక్కతో చేసినట్టు లేదు, రాతిలో చెక్కినట్టుంది. చొక్కా కూడా అంతే. ఇది కొత్త సంగతేం కాదు. ఇటలీలో పాడువా ఊరి స్క్రొవెన్యీ చాపెల్‌లో జొట్టో అనే చిత్రకారుడు 1305 ప్రాంతంలో వేసిన కుడ్యచిత్రాల్లో, పైన కథలన్నీ పూర్తి రంగుల్లో ఉంటాయి, కింది వరసలో మాత్రం ఏడు సద్గుణాలు, ఏడు దుర్గుణాలు బూడిద రంగులో, గోడలో చెక్కిన శిల్పాల్లా నిలబడి ఉంటాయి. ఈ పద్ధతికి ఫ్రెంచివాళ్ల పేరు గ్రిసాయ్. 1432లో పూర్తయిన, బెల్జియంలోని గెంట్ చర్చి చిత్రఫలకం తలుపులు మూసి ఉన్నప్పుడు కూడా ఇద్దరు సెయింట్లు రాతి విగ్రహాల్లా బూడిదలోనే కనిపిస్తారు, తలుపులు తెరిస్తే లోపల రంగులు గుప్పుమంటాయి. అక్కడ బూడిద చెప్పేది ఒకటే: వీళ్లు మనుషులు కారు, బొమ్మలు.

అదే బూడిదతో పికాసో 1937లో గెర్నికా వేశాడు. సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల వెడల్పు. ఏప్రిల్ 26న స్పెయిన్‌లో ఆ పేరున్న ఊరి మీద బాంబులు పడ్డాయి, ఆయన ప్యారిస్‌లో ఉండి పేపర్లలో చదివాడు. ఆ బొమ్మ చూసి రాయి అని ఎవరూ అనుకోరు, పేపర్లో ఫొటో గుర్తొస్తుంది, అరుపు వినిపిస్తుంది. రంగు అదే అయినప్పుడు తేడా ఎక్కడుంది? రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. జొట్టో దగ్గర ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకి మెల్లగా జారుతుంది, 7 పక్కన 6, 6 పక్కన 5. గెర్నికాలో మెత్తగా జారడమనేది చాలా తక్కువ, చదునైన ముక్కలు, తెలుపు పక్కనే దభీమని నలుపు. నా కుర్చీ రాయిలా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది, మడతలన్నీ బుద్ధిమంతురాల్లా మెత్తగా కలిపాను.

6వ రోజు

నీలం. అల్ట్రామరీన్ అనే ముదురు నీలం తీసుకున్నాను. ట్యూబు నుంచి నేరుగా రాసి ఆరబెట్టి పట్టీ పక్కన పెడితే అది 2 దగ్గర ఉంది! అంటే కిందికి వెళ్లడానికి నలుపు దాదాపు అక్కర్లేదు, పైకి వెళ్లడానికి తెలుపు చాలు, తొమ్మిది మెట్లూ ఒక్క పూటలో తయారయ్యాయి. 8వ మెట్టు కూడా నీలమే, 2వ మెట్టు కూడా నీలమే, కాకపోతే తెలుపు ఎక్కువైన కొద్దీ కొంచెం ఊదా వైపు లాగుతుంది, అది పట్టించుకోలేదు. తెలుగులో నీలవేణి అంటే నల్లటి జడ ఉన్న ఆమె కదా, నీలాన్నీ నలుపునీ మనవాళ్లు ఎందుకంత దగ్గరగా పెట్టారో ఈ ట్యూబు పిండాక బాగా అర్థమైంది.

ఒక్క చికాకు: గ్లాసు పలకలా మెరుస్తోంది. పొడిగా ఉన్నప్పుడు అల్ట్రామరీన్‌కి వెల్వెట్ లాంటి లోతు ఉంటుంది, బైండరు తగలగానే పోతుంది. ఫ్రెంచి చిత్రకారుడు ఈవ్ క్లెయిన్ బాధపడింది సరిగ్గా దీనికే. పొడి రంగు తేజస్సు చావకుండా పట్టి ఉంచే సింథటిక్ రెసిన్ వెతికించి, ఆ పద్ధతిని 1960లో ఫ్రాన్స్‌లో తన పేరున నమోదు చేయించుకున్నాడు. అంతకుముందు 1957లో మిలాన్‌లో ఒకే సైజు, ఒకే నీలంలో 11 చిత్రాలు వేలాడదీశాడు. ఆయన చిత్రాల్లో కుర్చీలూ చొక్కాలూ లేవు కాబట్టి ఆయనకి మెట్ల గొడవ లేదు, రంగు పొడే మొత్తం విషయం. నాకు ఆ దారి పనికిరాదు కానీ మాట్ మీడియం (రంగులో కలిపే, మెరవని జిగురు) కలిపితే మెరుపు తగ్గింది.

ఇక అసలు విషయం. ఆరాక దూరంగా నిలబడి చూశాను, దిగులేదీ? లేదు. మా చెల్లి అటుగా వచ్చి "బాగుందక్కా, తెల్లారుజామున లేచినట్టుంది" అని పోయింది. దిగులు పట్టికలో ఉంది కానీ బొమ్మలో లేదు. పికాసో బ్లూ పీరియడ్ చిత్రాలు దిగులుగా ఉంటాయి కదా అంటే, 1901 నుంచి 1904 దాకా వేసిన ఆ బొమ్మల్ని దగ్గరగా చూస్తే వాటిలో ఆకుపచ్చలూ మట్టి రంగులూ ఒంటి రంగులూ కూడా ఉన్నాయి, పూర్తిగా ఒక్క రంగు కానే కాదు. దిగులు నీలం వల్లే వస్తే నా దాంట్లో ఇంకా ఎక్కువ రావాలి.

7వ రోజు

నిద్ర పట్టక ఇంకో కాగితం మీదికి అదే గీత దించి నీలం మళ్లీ వేశాను. ఈసారి ఒక్క మార్పు: కిటికీని 9 నుంచి 6కి దించాను, చొక్కాని 5కి దించాను, మిగతా అంతా అలాగే. అంటే బొమ్మ మొత్తంలో 6 దాటిన వెలుగు ఎక్కడా లేదు.

వచ్చింది. ఎవరో ఆ చొక్కా విప్పి వెళ్లిపోయి చాలా రోజులైనట్టుంది. ట్యూబు అదే, కుర్చీ అదే. పొద్దున్నే చెల్లికి చూపిస్తే ఏమీ అనలేదు, కాసేపు నిలబడి, "మొదటిదే బాగుంది" అంది.

10వ రోజు

ఎరుపు మూడు రోజులుగా నన్ను తినేస్తోంది. మొదటి షీటు చింపేశాను.

సమస్య ఇదీ. నీలంలో తెలుపు కలిపితే లేత నీలం. ఆకుపచ్చలో తెలుపు కలిపితే లేత ఆకుపచ్చ. ఎరుపులో తెలుపు కలిపితే? లేత ఎరుపు అని మనం అనం, గులాబీ అంటాం. పేరే మారిపోతుంది, పేరుతో పాటు గుణమూ మారిపోతుంది. నా మ్యాపు ప్రకారం చొక్కా 8లో ఉండాలి కాబట్టి 8 దాకా తెలుపు పోశాను, కిటికీ, గోడ, చొక్కా అన్నీ బేబీ పౌడర్ డబ్బాలా అయ్యాయి. కింద నీడలో నలుపు కలిపితే అది ఎండిన రక్తం. పైన పసిపిల్లల గది, కింద హత్య. ఒకే రంగు వాడాను, రూలు తప్పలేదు, అయినా బొమ్మలో రెండు రంగులున్నాయి.

రెండో షీటులో తెలుపు మానేశాను. లేత మెట్లు కావాల్సిన చోట ఎరుపులో మీడియం, నీళ్లు కలిపి పల్చగా రాశాను, కాగితం తెలుపే కింది నుంచి వెలుగిస్తుంది. తెలుపు కలిపిన గులాబీ సున్నం కొట్టినట్టు చల్లగా ఉంటుంది, పల్చటి పొర మాత్రం వేడిగా ఉంటుంది, పక్కపక్కన రాసి చూస్తే ఒకే ట్యూబు నుంచి వచ్చాయంటే నమ్మరు. అయినా 6 పైకి వెళ్తే మళ్లీ గులాబీ వాసన. అందుకని మ్యాపునే మార్చేశాను: బొమ్మంతా 4, అంతకంటే కింద, ఒక్క కిటికీ సందులో మాత్రం వట్టి కాగితం. ఫొటో డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద ఉన్నట్టు వచ్చింది. ఫొటోల నలుపు తెలుపు కాగితానికి ఎరుపు కనపడదు కాబట్టి అక్కడ ఆ బల్బు వాడతారు, కోపానికీ ప్రేమకీ సంబంధం లేదు. నా బొమ్మలో కూడా కోపం లేదు, ఏదో రహస్యంగా జరుగుతున్న పని ఉంది.

ఒక హెచ్చరిక: మెట్లు సరిచూసుకోడానికి ఫోన్లో ఫొటో తీసి రంగు తీసేసి చూస్తుంటాను, చాలావరకు పనికొస్తుంది. ఎరుపు దగ్గర మాత్రం ఫోన్ నాకూ నా కంటికీ తగువు పెట్టింది. గాఢమైన ఎరుపు కంటికి దాని అసలు మెట్టు కంటే వెలుగ్గా అనిపిస్తుంది, ఫోన్‌కి అనిపించదు. దూరంగా వేలాడదీసి కన్ను చెప్పిందే ఖాయం చేశాను.

13వ రోజు

ఆకుపచ్చ అయిపోయింది. ఏ పేచీ లేదు, చెప్పుకోడానికీ ఏమీ లేదు. పాత బస్సు సీటులా ఉంది.

14వ రోజు

పసుపు ట్యూబు తెరిచాను. రాసి ఆరబెట్టి పట్టీ పక్కన పెడితే 8.

అంటే పైకి వెళ్లడానికి ఒకటే మెట్టుంది, కిందికి ఏడు మెట్లు దిగాలి. దిగడానికి నా దగ్గరున్నది నలుపొక్కటే. చిటికెడు నలుపు కలిపాను, ఆకుపచ్చ వచ్చింది. నల్ల రంగుల్లో చాలావాటికి లోలోపల నీలం వాలకం ఉంటుంది, పసుపు తగలగానే అది బయటపడుతుంది. ఇంకాస్త కలిపితే నాచు రంగు, ఇంకాస్త కలిపితే మురుగు. పసుపుపచ్చ, ఆకుపచ్చ అని తెలుగు రెండిటికీ ఒకే పచ్చ తగిలించింది, నా ప్యాలెట్ కూడా అదే మాట మీద నిలబడింది.

ఇక్కడే నాకు పోస్టరు సంగతి లీలగా తట్టింది. ఆల్బర్ట్ మన్సెల్ అనే ఆయన రంగులకి చేసిన పటంలో నలుపు 0, తెలుపు 10 అనుకుంటే, పసుపు బాగా నిండుగా ఉండేది 8 దగ్గర, ఊదా వైపు ఉన్న నీలం నిండుగా ఉండేది 3, 4 దగ్గర. ప్రతి రంగుకీ తన సొంత ఇల్లు ఉంటుంది. నీలం ఇల్లు లోయలో ఉంది, పసుపు ఇల్లు కొండ మీద ఉంది. నేను బూడిద మ్యాపు పట్టుకుని ఐదింటినీ ఒకే దారిన నడవమంటున్నాను. రంగు మార్చుకుంటూ పోవడమే అన్నాను కదా రెండో రోజు, అదీ నవ్వుకోవాల్సిన చోటు.

16వ రోజు

మోసం చేద్దామని చూశాను. నలుపు బదులు అంబర్ బ్రౌన్ కలిపాను. బ్రౌన్ అంటే మరీ పరాయి రంగేం కాదు, ముదిరిన నారింజే కదా అని సర్దిచెప్పుకున్నాను. బొమ్మ అందంగానే వచ్చింది, కాకపోతే పాత ఆల్బమ్‌లో సెపియా ఫొటోలా వచ్చింది, పసుపు బొమ్మ అని ఎవరూ అనరు. పక్కన పెట్టేశాను.

తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది. ఓలఫుర్ ఎలియాసన్ అనే కళాకారుడు 1997లో ఒక గది నిండా సోడియం దీపాలు పెట్టాడు, అవి దాదాపు 589 నానోమీటర్ల పసుపు వెలుగు తప్ప ఇంకేమీ ఇవ్వవు, లోపలికి వెళ్లినవాళ్ల బట్టలు, మొహాలు అన్నీ పసుపు నుంచి నలుపు దాకా ఒకే వరసలోకి వచ్చేస్తాయి. అక్కడ ముదురు పసుపు అనే మాటే లేదు, వెలుగు తగిలితే పసుపు, తగలకపోతే నలుపు. సరే అని కుర్చీ నీడల్లో ముక్కలుగా వట్టి నలుపు పెట్టాను. గదిలో కన్ను ఆ వెలుగుకి అలవాటు పడుతుంది, కాగితం మీద అలవాటు పడదు. చుట్టూ తెల్లగోడ ఉంది కదా, దాని మీద పసుపూ నలుపూ కలిపి చూస్తే కరెంటు డబ్బా మీద పుర్రె బొమ్మ ఒక్కటే తక్కువ.

18వ రోజు

కుంచె పక్కన పడేసి పాత పోస్టరు ఫైలు తెరిచాను.

స్క్రీన్ మీద తెలుపు వెలుగు 100 అనుకుంటే అందులో ఆకుపచ్చ వాటా దాదాపు 72, ఎరుపుది 21, నీలానిది 7. పసుపంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసినది, అంటే 93. తెలుపుకీ దానికీ మధ్య మిగిలింది 7 మాత్రమే. అందుకే తెల్లటి పేజీ మీద నిండు పసుపు అక్షరాల కాంట్రాస్టు (పేజీకీ అక్షరాలకీ వెలుగులో ఉన్న తేడా) 1.07:1, నిండు ఎరుపుది 4:1, నిండు నీలానిది దాదాపు 8.6:1. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాల్లో ఉంది, నీలం కళ్లు మూసుకుని పాసవుతుంది, ఎరుపు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది, పసుపు పరీక్ష హాలుకే రాలేదు.

నా పోస్టర్లో లేత పసుపు నేల మీద ముదురు పసుపు అక్షరాలు. కొలిచి చూస్తే 2:1 కూడా లేదు. పసుపు సంతోషమా కాదా అన్న చర్చ దాకా బొమ్మ వెళ్లనే లేదు, అసలు కనపడలేదు. అక్షరాల్ని పసుపు ఛాయ ఉన్న దాదాపు నలుపులోకి మార్చాను, పది నిమిషాల పని. బాగుంది, పోస్టరు గడువు దాటి నెలలైంది అన్నదొక్కటే లోటు.

20వ రోజు

ఇది ప్లాన్‌లో లేదు, పసుపుతో విసిగిపోయి సైనోటైపు ముందేసుకున్నాను. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి, మరుసటి ఏడే అన్నా అట్కిన్స్ సముద్రపు నాచుల అచ్చులు ఇలాగే తీసి పుస్తకంగా వెయ్యడం మొదలుపెట్టింది. రెండు ఇనుప రసాయనాలు కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, పైన ఫిల్ము పెట్టి ఎండలో ఉంచితే ఎండ తగిలిన చోట ప్రష్యన్ బ్లూ పుడుతుంది, తగలని చోట మందు నీళ్లలో కడుక్కుపోయి తెల్లగా మిగులుతుంది.

నేను ఫిల్ము మీద కుర్చీ బొమ్మని ఉన్నదున్నట్టు ప్రింటు తీశాను. నెగటివ్ చెయ్యాలని తొట్టిలో కడుగుతున్నప్పుడు గుర్తొచ్చింది. కిటికీ ముదురు నీలం, కుర్చీ కింద నీడ తెల్లగా మెరుస్తోంది. కుర్చీ కిందెవరో దీపం దాచినట్టుంది. చెల్లి దాన్ని పట్టుకుపోయి తన గోడకి అంటించుకుంది, ఐదింటిలో ఏదీ అడగలేదు, ఇది అడిగింది.

ఈ నీలాన్ని ఎవరూ ఎంచుకోలేదు కదా, అదే ఆలోచిస్తున్నాను. ఇంజనీర్లు దశాబ్దాల తరబడి ప్లాన్లన్నీ ఈ నీలంలో కాపీలు తీశారు, అది దిగులనీ కాదు ప్రశాంతత అనీ కాదు, ఇనుము ఆ రంగు ఇస్తుంది కాబట్టి. ఇవాళ ఆ నీలం మీద తెల్ల గీత కనపడితే చాలు, ఎవరో ఏదో కట్టబోతున్నారని అనిపిస్తుంది.

23వ రోజు

పసుపు మూడోసారి. ఈసారి కిందికి దిగమని దాన్ని బతిమాలలేదు. మొత్తం బొమ్మ 7, 8, 9లోనే. నలుపు డబ్బా మూత తియ్యలేదు. ముదురు కావాల్సిన చోట అదే పసుపు రెండు మూడు కోట్లు వేశాను, లేత కావాల్సిన చోట తెలుపు. కుర్చీ కాళ్లకి ఒకవైపు అంచు మాత్రం పదునుగా ఉంచి, రెండో వైపు గోడలోకి కలిపేశాను. నీడని నీడలా కాక కొంచెం నిండైన పసుపు మరకలా వదిలేశాను. మడతల్లో కుంచె వెంట్రుకల గీతలు అలాగే ఉంచాను, వెలుగునీడలు చెయ్యలేని పని ఆ గరుకు చేస్తోంది.

దగ్గర నుంచి చూస్తే ఏమీ లేదు. నాలుగడుగులు వెనక్కి వెళ్తే మిట్టమధ్యాహ్నం ఎండ కిటికీలోంచి లోపలికొచ్చి అన్నిటినీ తినేసినట్టుంది. సంతోషమా అంటే చెప్పలేను, ఎక్కువసేపు చూస్తే కళ్లు నొప్పెడుతున్నాయి, ఆ నొప్పి నాకు నచ్చింది. మిగతావాటిలో కుర్చీని వేశాను, ఇందులో ఎండని వేశాను.

గోడకి ఐదూ వరసగా పెట్టి చెల్లిని పిలిచాను. నీలం దగ్గర ఆగలేదు, ఎరుపు దగ్గర కాసేపు ఆగింది, పసుపు ముందుకొచ్చి మొహం చిట్లించి ముందుకీ వెనక్కీ నడిచింది.

"అక్కా, ఇందులో చొక్కా ఎవరు తీసేశారు?"

చొక్కా ఉంది. 8లో ఉంది, దాని వెనక గోడ కూడా 8లోనే ఉంది. భుజం దగ్గర ఒక్క గీత లాగుదామని కుంచె తడిపాను, మళ్లీ కడిగి పెట్టేశాను. రేపు ఆకుపచ్చకి మాట్ వార్నిష్ వెయ్యాలి, కనీసం ఆ సీటు కవరు మెరుపైనా పోతుంది.